బుడగలో ఇమడని ప్రోటీన్

మా అక్క కూతురు మొదటిసారి పడిపోయింది ఫోన్‌లో అలారం మోగినప్పుడు. ఇంటర్ పరీక్షలకు చదువుకోవాలని తనే పెట్టుకున్న అలారం. లేచి కూర్చుని, చెయ్యి ఫోన్ మీద పడేలోపే పక్కకు ఒరిగిపోయింది. అక్క మొహాన నీళ్లు చల్లింది. కాసేపటికి కళ్లు తెరిచింది. సరిగ్గా తినడం లేదు, నీరసం అనుకున్నారు. తరువాత రాజోలు సెంటర్లో బస్సు హారన్ కొడితే మళ్లీ పడింది. ఈసారి ఫిట్స్ అన్నారు. పాస్టరుగారు ఇంటికొచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

అక్క అక్కడే దగ్గరి ఊళ్లో టీచరు. నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. కాలేజీవాళ్లు ఇచ్చిన చిన్న గదిలో కొద్దిపాటి పరిశోధన కూడా చేసుకుంటాను. కణానికి చుట్టూ ఉండే పొర పల్చటి కొవ్వు. ఆ పొరలో ప్రోటీన్లు తలుపుల్లా ఉండి, లోపలికి రావలసినవాటిని రానిస్తాయి, పోవలసినవాటిని పోనిస్తాయి. నేను అలాంటి కొవ్వుతోనే కంటికి కనపడనంత చిన్న బుడగలు చేసి, వాటి పొరలో ఒక్క రకం ప్రోటీన్‌ని మాత్రం ఇముడుస్తాను. కణంలో ఉండే గందరగోళం ఏదీ లేకుండా ఆ తలుపు ఒక్కటీ ఎలా తెరుచుకుంటుందో అప్పుడు చూడవచ్చు. ప్రోటీన్ నేను చదువుకున్న హైదరాబాదు ల్యాబ్‌లో తయారై, ఐసు పెట్టెలో బస్సెక్కి వస్తుంది. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిందంటే ఆ వారం పని పోయినట్టే.

నేను పనిచేసే ప్రోటీన్ గుండెది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది గుండె కణాల్లోంచి పొటాషియంని బయటికి వదిలి, మళ్లీ కొట్టుకోవడానికి వాటిని సిద్ధం చేస్తుంది.

అక్క ఫోన్ చేసి ఫిట్స్ సంగతి చెప్పినప్పుడు, "రెండుసార్లూ ఏదో మోగినప్పుడే పడిందా?" అని అడిగాను.

"అవునే. నీకెలా తెలుసు?"

ఆ ప్రోటీన్ చెడితే ఉన్నట్టుండి వినపడిన చప్పుడుకి గుండె లయ తప్పుతుందని తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! "ఇవాళే పాపని కాకినాడ తీసుకెళ్దాం. ఈసీజీ తీయించాలి," అన్నాను.

కాకినాడలో డాక్టరుగారు ఈసీజీ కాగితం వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత అక్కని అడిగారు. "మీ అమ్మగారు ఉన్నారాండి?"

"లేరండి. మా చిన్నప్పుడే పోయేరు. వంటింట్లో పళ్లెం కిందపడి పెద్ద చప్పుడయ్యింది. ఆవిడా అక్కడే పడిపోయేరు. గుండెపోటన్నారండి."

డాక్టరుగారు కాగితం బల్ల మీద పెట్టి, "మీ అక్కచెల్లెళ్లిద్దరూ కూడా తీయించుకోండి," అన్నారు.

నాకు మామూలుగానే ఉంది. అక్కకి పాపకున్నట్టే, ఆ ప్రోటీన్ చెడినవాళ్లకి కనపడే తేడా ఉంది. హైదరాబాదు పంపిన రక్తపరీక్షలూ అదే మాట చెప్పాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడిపోని అక్క దగ్గర్నుంచే పాపకి వచ్చింది. ఆ కాగితాలు తీసుకుని కాకినాడ నుంచి తిరిగి బయల్దేరాం. గోదావరి వంతెన దాటాక అక్క, "నీకు లేదు కదా. నువ్వు బతికిపోయావు," అంది. అందులో కోపం ఉందో, సంతోషం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కకీ పాపకీ మాత్రలు మొదలయ్యాయి. ఆ ఇంట్లో చప్పుళ్లు ఆగిపోయాయి. కుక్కరు అటకెక్కింది. బావ బండి వీధి చివరే ఆపి, లోపలికి తోసుకుని వచ్చేవాడు. పెళ్లి ఊరేగింపు వస్తుందంటే అక్క కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసేది.

అప్పుడే హైదరాబాదు ల్యాబ్ నుంచి మా సార్ అడిగారు. పాప జన్యువులో బయటపడ్డ మార్పుతోనే ఆ ప్రోటీన్ తయారు చేద్దాం, నీ బుడగల్లో పెట్టి చూద్దాం అని. అక్కకి చెప్పాను.

"అంటే నా కూతుర్ని సీసాలో పోసి చూస్తావా?" అంది.

"పాపని కాదక్కా. ఆ ప్రోటీన్‌ని."

"చూస్తే తగ్గుద్దా?"

"తగ్గదు."

"మరెందుకు?"

లోపలి గదిలోంచి పాప వచ్చింది. "చెయ్యి పిన్నీ. నాకేమయ్యిందో నాకు తెలియాలి," అంది. అక్క లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

పరీక్ష సులువైనదే. బుడగల నిండా పొటాషియం ఉంటుంది. ప్రోటీన్ తెరుచుకుంటే అది బయటికి పోతుంది, నేను కలిపిన రంగు మెరుపు తగ్గుతుంది. మంచి ప్రోటీన్‌కి తెర మీద గీత చక్కగా కిందికి దిగింది. పాప ప్రోటీన్‌కి కదలలేదు. కొవ్వు మార్చాను, వేడి మార్చాను, ప్రోటీన్ మళ్లీ కొత్తగా తెప్పించుకున్నాను. చివరికి బుడగల్ని విడగొట్టి చూస్తే తెలిసింది. ఆ ప్రోటీన్ తన ఆకారంలోకి సరిగ్గా ముడుచుకోక, పొరలోకి ఎక్కకుండానే ఉండలు కట్టేసింది. నా బుడగలన్నీ ఖాళీవే. జబ్బు ఎక్కడ మొదలవుతుందో తేలింది కనక, శాస్త్రపరంగా అది మంచి ఫలితం. మా సార్ మెచ్చుకున్నారు. నేను బల్ల ముందు కూర్చుని ఏడ్చాను.

పాపకి చెప్పకుండా కొన్నాళ్లు తప్పించుకున్నాను. తనే కాలేజీకి వచ్చి అడిగింది. చెప్పాను.

"అంటే నా గుండెలో ఆ తలుపులు లేవా?"

"ఉన్నాయి. మీ నాన్న నుంచి వచ్చినవి మంచివే. అవి పనిచేస్తున్నాయి."

"సగమే పనిచేస్తున్నాయన్నమాట."

"ఊఁ."

లేచి సంచి భుజానికి తగిలించుకుంది. తరువాత, "అమ్మకి సీసా ఖాళీ అని చెప్పకు పిన్నీ. చెయ్యడం కుదరలేదని చెప్పు," అంది.

అలాగే చెప్పాను. అక్క, "నేననుకున్నాను," అని ఊరుకుంది.

పాప ఇప్పుడు కాకినాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మాత్రలు మానకుండా వేసుకుంటోంది. మళ్లీ పడిపోలేదు. అక్క కూడా అవే మాత్రలు వేసుకుంటుంది, నేను అడిగితే మాత్రం "ఆయ్, వేసుకున్నాను" అని మాట తప్పించేస్తుంది. కూతురికి ఫోన్ చెయ్యదు. మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో నిలబడుతుంది.