చివరి పేజీలో మావయ్య రాత

నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన పెద్దమావయ్యకు ముసలితనంలో చూపు ఆనేది కాదు. ఒక నాయకుడి హత్య వెనకున్న కుట్ర గురించి రాసిన పుస్తకాన్ని లైబ్రరీ నుంచి తెప్పించి నాచేత చదివించుకునేవాడు. హత్య జరిగిన రోజు ఆ నాయకుడి కారు నడిపింది మావయ్య తమ్ముడే. అంత లావు పుస్తకంలోనూ తమ్ముడి గురించి ఉన్నది ఒక్క వాక్యం: ‘డ్రైవరు కూడా చనిపోయాడు.’

“మల్లీ సదువమ్మా.”

“సిన్నమావయ్య పేరైనా రాయనేదు గదా, ఎన్నిసార్లు సదవమంతావు?”

“ఆడున్నాడు గదేటే అందులో! సదువు.”

పుస్తకం చివరి పేజీలో పాఠకులు అభిప్రాయాలు రాశారు. ‘చంపించింది సొంతవాళ్లే’ అని ఒకరు, ‘అంతా కట్టుకథ’ అని ఇంకొకరు.

మావయ్య పోయాక చూస్తే వాటి కింద, ఒకదాని మీద ఒకటి పడిన పెన్సిలు అక్షరాల్లో తమ్ముడి పేరు ఉంది. ఆ చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పుస్తకాన్ని దేవుడి పటం ముందు కాసేపు ఉంచి, లైబ్రరీకి తిరిగి ఇచ్చేశాను.