ఎడమ పక్క పెడల్

కుడికాలు పోలియోతో సన్నబడిన ఆడదానికి లోకంలో ఒకటే పని ఉందని అందరికీ ఎవరు చెప్పారో గానీ, నన్నూ మా ఉద్దానం నుంచి టెక్కలి శిక్షణ కేంద్రానికి కుట్టుపనికే పంపారు. నాకు ఒళ్లు మండిపోయేది. నా చేతిలో ఒక్క జాకెట్టూ తిన్నగా రాలేదు. మిషను తొక్కడం మాత్రం ఎడమకాలికి బాగా పట్టుబడింది.

నాకు కావలసింది పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే పని. పిక్కను కత్తుల మధ్య పెట్టి, కుడికాలితో పెడల్ తొక్కి, చేత్తో పిడి తిప్పితే పెంకు విడిపోయి పప్పు బయటికొస్తుంది. మా అమ్మ చేసింది అదే. ఆ చప్పుడు వింటూనే పెరిగాను.

అక్కడి మేస్త్రీ నాకు వరసకు మావ. నా కాలు చూసి పెదవి విరిచాడు.

“నువ్వు పెడలెలగ తొక్కుతావే? ఆ మూల కూకోని పొట్టు తీసుకో.”

“ఎడంకాల్తో తొక్కుతాను మావా. పెడలు ఇటేపు పెట్టించు.”

“నీ ఒక్కదాని కోసరం మిషను కోసీమంటావేటి?”

“కోసీండి. నా కాలు మారదు గానీ ఇనుం మారతాది గదా!”

విసుగో, ముచ్చటో తెలియదు, వెల్డింగు మనిషిని పిలిపించి పెడల్ మార్పించాడు. వారం గడువిచ్చాడు. ఆలోగా పప్పు గుండుగా రాకుండా బద్దలైతే పొట్టు తీసే మూలకే పోవాలి.

మొదట్లో అన్నీ బద్దలే. పెంకులోని జీడి రసం అంటి వేళ్లు పొక్కాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, కాలు మాత్రం ఆపలేదు. పోగా పోగా కాలూ చెయ్యీ ఒకదాని మాట ఒకటి వినసాగాయి. గుండ్లు పడ్డాయి! వారం చివర మేస్త్రీ నా గంపలో చెయ్యిపెట్టి అడుగుదాకా కలియబెట్టి చూశాడు. మర్నాడు నేను వెళ్లేసరికి పిక్కల బస్తా నా మిషను పక్కనే దింపించి ఉంది. ఆ రోజు నా గర్వం ఇంతా అంతా కాదు.

ఈమధ్య జ్వరమొచ్చి కొన్నాళ్లు పనికి పోలేదు. తగ్గాక వెళితే నా మిషను దగ్గర ఒకటే నవ్వులు. కొత్తగా చేరిన వస్తాదులాంటి మనిషి, రెండు కాళ్లూ లక్షణంగా ఉన్నవాడు, నా చోట కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. అతని కుడికాలు అక్కడ లేని పెడల్ కోసం వెతుకుతోంది, ఎడమకాలు ఉన్న పెడల్‌ని తన్నుతోంది. ముందు బద్దల కుప్ప.

మేస్త్రీ నన్ను చూసి అతని భుజం తట్టాడు.

“లెగరా బాబూ, లెగు. ఇది నీ వల్లా కాదు, నా వల్లా కాదు. దీన్ని తొక్కీది ఒచ్చింది.”

అతను లేచాడు. నేను దర్జాగా వెళ్లి కూర్చున్నాను.