పచ్చరంగు పడిన పోడు

జాగ్రఫీలో పీజీ సీటొచ్చిందంటే మా సంతలో కొట్టు పెట్టిన షావుకారు నవ్వాడు, కొండల్లో పుట్టినదానికి కొండల గురించి చదువెందుకని. నాకు ఒళ్లు మండింది. విశాఖలో మా ప్రొఫెసర్ మాత్రం టీచర్ కావచ్చు, గ్రూప్స్ రాయొచ్చు, మ్యాపుల పని నేర్చుకుంటే తిండికి లోటుండదని ఊరించారు. నేర్చుకున్నాను. పోడు పట్టాల కోసం మ్యాపులు గీసే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం, ఏసీ గది దొరికాయి. తీరా చూస్తే నా కంప్యూటర్ మీదికొచ్చినవి మా అరకు కొండలే. మన గుంట, మన పిల్లే ఆఫీసులో ఉంది, ఇక భయం లేదని ఊరంతా అనుకుంది.

ఉపగ్రహం తీసిన బొమ్మలో సాగుకు పసుపు, అడవికి పచ్చ రంగు వేయాలి. పసుపు పడిన నేలకే పట్టా. మావాళ్లు పోడు కొట్టిన చోట కొన్నేళ్లు సామలు, చోళ్లు పండించి, నేల బలం పుంజుకోవాలని బీడు వదిలేస్తారు. బీడులో చెట్లు లేస్తాయి. అందుకే మా తాత కొట్టిన పోడు, ఇప్పుడు మా అయ్యది, తెర మీద దట్టమైన అడవిలా ఉంది. బీడూ సాగులో భాగమేనని పై అధికారికి చెప్పి చూశాను. కనిపించిందే వేయమన్నాడు. సొంతవాళ్ల నేలకు రంగు మారిస్తే ఉద్యోగం పోతుంది, మార్చకపోతే నేల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉండబట్టలేక అయ్యకు ఫోన్లో అంతా చెప్పాను, పసుపు దేనికో, పచ్చ దేనికో కూడా. పైనుంచి చూస్తే మన బీడు అడవేనన్నాను. ఆ తర్వాత ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. ఇంకా కొన్నేళ్లు బీడుండాల్సిన నేలనంతా నరికి, ఎండబెట్టి, కాల్చేశాడట.

"పైనుంచి సూసేవోళ్లకి కనపడాలి గదమ్మీ. ఇప్పుడు అగుపడతందా?"

కొత్త బొమ్మ అప్పటికే నా ఎదుట ఉంది. నిరుడు అడవిగా ఉండి ఈ ఏడు నల్లబడిన చోటుకు మా పనిలో ఎర్ర రంగు వేయాలి. కొత్తగా అడవి నరికారని దాని అర్థం. పట్టా మాట దేవుడెరుగు, కేసు పెడతారు. మొదట ఫోన్లో రంగుల గురించి చెప్పినప్పుడు ఎరుపు సంగతి నేనాయనకు చెప్పలేదు. అప్పటికి దాని అవసరమే రాలేదు.

"అగుపడతంది అయ్యా," అన్నాను.

"అయితే బేగి రంగేసీ అమ్మీ," అన్నాడు.