మమత ఐసు డబ్బా

దయ్యాల కబుర్లు ఎవరు ఎత్తినా "రుజువేదీ?" అని నోరు మూయించేదాన్ని. ల్యాబులో పనిచేసేవాళ్లకు అదో జబ్బు. ఇప్పటికీ నమ్మను. ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

సూరత్‌లో మా ల్యాబులో నాతోపాటు మమత ఉండేది. ఆ ఊళ్లోనే నవాగామ్ బస్తీ పిల్ల. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లమ్మకు బోదకాలు.

ఆ జబ్బు తెచ్చే పురుగు తన ఒంట్లో ఉండే ఒక బాక్టీరియా మీద ఆధారపడి బతుకుతుంది. ఆ బాక్టీరియాలోని ఒక ఎంజైమును, తాళంలో పుల్ల ఇరికించినట్టు, పనిచేయనివ్వకుండా ఆపే మందు కోసం మా వెతుకులాట. మందును పరీక్షించాలంటే ముందు ఆ ఎంజైము చేతిలో ఉండాలి. దాన్ని తయారుచేయడానికి మమతకు ఏళ్లు పట్టింది. చివరికి దక్కింది ఒక్క చిన్న ట్యూబు. ఐసులో ఉండాల్సిందే, లేకపోతే పాడైపోతుంది.

లాక్‌డౌన్ అనగానే అందరం హడావిడిగా బయటపడ్డాం. మర్నాడు మమత ఫోను.

"అక్కా, ఐసు డబ్బా టేబుల్ మీదనే మర్చిపోయి వచ్చిన. ఎట్లన్న జేసి జర ఫ్రిజ్‌ల పెట్టవా?"

ల్యాబుకు తాళం, రోడ్ల మీద పోలీసులు. కుదరలేదు. ఆ వేసవిలోనే కరోనా మమతను తీసుకుపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆ ఫోను గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

వానల్లో ల్యాబు తెరిచారు. వాచ్‌మన్ నా ఎదుటే తాళం తీశాడు. కరెంటు ఎప్పుడు పోయిందో ఏమో, ఫ్రిజ్ తెరిస్తే కుళ్లు కంపు. టేబుల్ మీద థర్మకోల్ డబ్బా, మూత మీద చెదరని దుమ్ము. పారేద్దామని ఎత్తితే బరువుగా ఉంది. లోపల నిండా ఐసు, మధ్యలో మమత ట్యూబు. ఇన్నాళ్లూ ఎవరూ రాలేదన్నాడు వాచ్‌మన్.

పనిచేయదనుకుంటూనే పరీక్ష పెట్టాను. ఎంజైము బాగుంటే ద్రావణం పసుపురంగుకు తిరగాలి. తిరిగింది. మేం పరీక్షకు ఎంచుకున్న మందు కలిపినచోట మాత్రం రంగు రాలేదు. మందు ఎంజైమును ఆపింది.

ఆ కబురు చెప్పడానికి నవాగామ్ వెళ్లాను. వాళ్లమ్మ వాచిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. ఇది వేసుకునే మందుగా మారడానికి చాలా ఏళ్లు పడుతుందని, అసలు మారకపోవచ్చు కూడా అని దాచకుండా చెప్పాను. ఐసు సంగతి ఎత్తలేదు.

"నా కాలుదేముంది బిడ్డా. దాని పని ఖరాబ్ గాలేదు, గంతే చాలు" అంది. మళ్లీ తనే అంది. "జరమొచ్చినప్పటి సంది డబ్బా, డబ్బా అని ఒకటే కలవరింత. ఆఖరి దినం పొద్దుగాల మాత్రం నిమ్మళంగ ఉండె. 'ఐసు ఏసొచ్చినమ్మా' అన్నది. జరంల ఏందో అంటుంది అనుకున్న."

ఆ ఎంజైము పనిచేసిందనడానికి ఎన్ని రుజువులైనా చూపిస్తాను. ఆ ఐసు ఎక్కడిదో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.