మూతి తిప్పుకున్న గేదె

గడ్డి కొనాలంటే మా ఇంట్లో ఒకటే పద్ధతి. కట్ట నడిమధ్య నుంచి పిడికెడు లాగి గేదె ముందు పెట్టాలి. తింటే కొంటాం, మూతి తిప్పుకుంటే వచ్చిన లారీని వచ్చినట్టే పంపిస్తాం. ఆ ఏడు సాగర్ కాలవకు నీళ్లు రాక మా గురజాల వైపు ఎవరికీ వరి లేదు. డెల్టా నుంచి లారీల మీద వచ్చే గడ్డే గతి.

మా ఆయన పొలం తగాదా వాయిదాకని నరసరావుపేట కోర్టుకు పోతా పోతా గట్టిగా చెప్పాడు. "ఒసేయ్, గేదె ఎనిమిదో నెల సూడిది. అది తినకపోతే ఒక్క కట్ట కూడా దించనియ్యమాక."

లారీ వచ్చింది. వానకు తడిసి ఆరిన గడ్డి, నల్లగా మాసిపోయి ఉంది. "పశువుకు రంగుతో పనేందక్కా? సగం ధరకే ఇస్తన్నా గదా" అన్నాడు లారీ అతను. అమ్ముకునేవాడు అట్టాగే అంటాడు, నా బుద్ధేమైంది? ఇంట్లో చూస్తే రెండు పూటలకే గడ్డి ఉంది.

పిడికెడు లాగి పెట్టా. గేదె వాసన చూసింది, బుస్సుమని మూతి తిప్పుకుంది. మళ్లీ పెట్టా. మళ్లీ అంతే. అతనేమో పక్కూరికి పోవాలని హారన్ కొడతన్నాడు. అప్పుడు చేశానండీ ఆ పాడుపని. గబగబా బెల్లం నీళ్లు కలిపి తెచ్చి గడ్డి మీద చల్లా. మెడ నిమురుతా, "తినవే నా తల్లీ, నా బంగారం గదా" అని నా చేత్తో నోటికందించా. నా ముఖం చూసి తిన్నది.

సాయంత్రం మా ఆయనొచ్చి "తిన్నదా?" అంటే "ఆఁ, తిన్నది" అన్నా. అబద్ధమేం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఆ తర్వాత కూడా ఆయన చూడకుండా రోజూ బెల్లం నీళ్లు చల్లే పెట్టా.

నెల తిరక్కముందే గేదె ఈసుకుపోయింది. నెలలు నిండకుండానే చచ్చిన దూడ పడింది. పెయ్యదూడ. ఒళ్లంతా వెంట్రుకలు కూడా వచ్చినై. అది చచ్చిపోయిందని తల్లికి తెలవదు. లేస్తదేమోనని నాకుతానే ఉంది, నాకుతానే ఉంది.

పశువుల డాక్టరు వచ్చి ఒక కట్ట విప్పితే లోపలంతా బూజు. "ఈ గడ్డి వల్లే అయ్యుంటది. అసలు ఇంత బూజు గడ్డి ఏ గేదే ఊరికే తినదే, మొదట్లో మొండికెయ్యలేదా?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు.

"లేదండీ, పెట్టగానే తిన్నది" అన్నా.

మా ఆయన గేదె పక్కన గొంతుక్కూర్చుని ఏడిచాడు. "పిచ్చిమొద్దా! కడుపుతో ఉన్నదానివి, చూసుకుని తినొద్దా?" అని దాన్నే తిట్టాడు. అది ఆ తిట్లన్నీ పడతా దూడను నాకుతానే ఉంది. నోరున్నదాన్ని నేను, పక్కనే నిలబడి ఒక్క మాట అనలేకపోయా.