లెక్కలోకి రాని నెల

మంత్రసానిని నేను తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. అదాలతు వరండాలో, పది మంది చూస్తుండగా, మా అమ్మకంటే పెద్దావిడను నిలబెట్టి "నీకేమైనా బుద్ధుందా?" అని అరిచాను. అప్పుడు నాకు పాతికేళ్ళు. ఒంటి మీద కొత్త నల్లకోటు. నిజామాబాదులో ఒక పెద్ద వకీలు దగ్గర చేరి రెండేళ్ళు కూడా కాలేదు. ఆయన చెప్పింది ఉర్దూలో రాయడం, కాగితాల కట్టలు చంకన పెట్టుకుని ఆయన వెనక నడవడం నా పని. ఆ కేసు తలుచుకుంటే ఇవాళ్టికీ కోపమొస్తుంది. కాకపోతే ఆ కోపం ఆ ముసలమ్మ మీద కాదు.

కోటగిరి దగ్గర ఒక రైతు తన కూతురిని వైశాఖంలో పెళ్ళి చేసి బోధన్ పక్క ఊరికి కోడలిగా పంపాడు. మగపెళ్ళివారు కాలువ నీళ్ళు వచ్చాక వరి మానేసి చెరకుకు మళ్ళినవాళ్ళు. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులు కనుక చెరకు ఉన్న ఇంటికి పిల్లనివ్వడమంటే గొప్పే. అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుష్యమాసంలో మగపిల్లాడు పుట్టాడు.

ఇరవై ఒకటో నాడు అత్త మనవడిని చూడటానికి వచ్చింది. వెండి మొలతాడు తెచ్చింది. పిల్లాడిని ఒళ్ళో వేసుకుని, బొద్దుగా ఉన్న బుగ్గలు నిమిరి, ఉన్నట్టుండి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. వైశాఖంలో పెళ్ళి. జ్యేష్ఠం ఒకటి, ఆషాఢం రెండు, శ్రావణం మూడు, భాద్రపదం నాలుగు. అలా పుష్యం దాకా వచ్చేసరికి ఎనిమిది వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఎన్మిది నెల్లకు గింత పిల్లగాడు ఎట్ల పుట్టిండు?" అని అడిగింది.

జవాబు కోసం ఆగలేదు. ఆమె మొలతాడు మళ్ళీ కొంగున ముడివేసుకుని బండెక్కింది. వారం తిరిగేసరికి ఆ మాట చెరకు తోటలన్నీ దాటి ఊరూరా చేరింది. మొగుడు అత్తగారింటి మొహం చూడటం మానేశాడు. ఆ పిల్లాడు తన బిడ్డ కాదనీ, పెళ్ళికి ముందే కడుపుతో వచ్చిన మనిషిని ఇంట్లోకి రానివ్వననీ పెద్దమనుషుల ముందే అనేశాడు. అమ్మాయి తండ్రి మా పెద్ద వకీలు దగ్గరికి వచ్చాడు. మనోవర్తి దావా అని పేరు పెట్టాం గాని, తేలవలసింది ఒక్కటే: ఆ పిల్లాడు తండ్రి ఉన్న బిడ్డా, లేని బిడ్డా? ఆ తల్లి రేపటినుంచి నలుగురిలో తలెత్తుకు తిరగగలదా, లేదా?

మా పెద్ద వకీలుకు ఒక యుక్తి తోచింది. ఎనిమిది నెలలన్నది ఒప్పేసుకుందాం, పిల్లాడు నెలలు నిండకుండానే పుట్టాడందాం అన్నాడు. దానికి ఇద్దరు సాక్షులు. హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టి పేరు తెచ్చుకున్న ఒక డాక్టరు మొదటివాడు. కాన్పు చేసిన మంత్రసాని రెండోది. డాక్టరుకు స్టేషనుకు టాంగా పంపించాం, దిండు వేసి కూర్చోబెట్టాం. మంత్రసాని కోటగిరి నుంచి ఎలా వచ్చిందో నేను అడగలేదు.

డాక్టరు పిల్లాడిని చూసింది వాడు పుట్టిన ఐదో నెలలో. అయినా బోనెక్కి అరగంట మాట్లాడాడు. నెలలు నిండని పిల్లలు కూడా బతుకుతారనీ, బొద్దుగా కూడా ఉండవచ్చనీ పుస్తకాల పేర్లతో చెప్పాడు. మున్సిఫు గారు తల ఊపారు. మా పెద్దాయన నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

తర్వాత మంత్రసాని. పొద్దున మెట్ల మీద కూర్చోబెట్టి ఆమెకు పాఠం చెప్పింది నేనే. "పిల్లాడు చిన్నగా పుట్టాడను, పీలగా ఉన్నాడను" అని చిలకకు చెప్పినట్టు చెప్పాను. ఆమె పొగాకు నములుతూ విన్నది. ఊ అనలేదు, ఉహూ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను. ఆమె ఎన్నేళ్ళుగా ఆ పని చేస్తోంది, పిల్లాడి నెలలు ఎలా గుర్తుపడుతుంది, పెళ్ళి నాటినుంచి లెక్క అడిగితే ఎలా లెక్కపెడుతుంది - ఇవేవీ అడగాలని నాకు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా అబద్ధమే. అంత చదువుకున్నవాణ్ణి ఆమెను అడిగేదేమిటి అనుకున్నాను.

ఆమె తెలుగులో చెబుతుంటే అదాలతు గుమాస్తా అయిన పేష్కారు ఉర్దూలోకి మార్చి చెప్పాడు. ఎన్ని కాన్పులు చేశావని అడిగితే, "లెక్కవెట్టలే సాబు. మా సుట్టుపక్కల బతికున్నోళ్ళల్ల సగం మంది నా చేతులకెళ్ళే అచ్చిండ్రు" అంది. పిల్లాడి సంగతి అడిగారు.

"నిండు నెలల పిల్లగాడు. గోర్లు ఏలి కొనలు దాటినయ్. చెవి మడిసి ఇడిస్తె మళ్ల లేసింది. నెలలు నిండనోళ్ల ఈపు మీద నూగుంటది, ఈనికి లేదు."

మా పెద్దాయన మొహం మాడిపోయింది. అవతలి వకీలు లేచి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. పెళ్ళైన ఎన్ని నెలలకు పుట్టాడు?

ఆమె బొటనవేలితో వేళ్ళ గణుపులు తడుముకుంది. "ఎన్మిది" అంది.

అవతలి వకీలు కూర్చున్నాడు. ఇంకేం కావాలి అతనికి? పెళ్ళైన ఎనిమిది నెలలకు నిండు నెలల బిడ్డ పుట్టాడని మేము తెచ్చిన సాక్షే చెప్పింది. మా డాక్టరు మాటను మా మంత్రసాని కొట్టేసింది. మేము పిలిచిన ఇద్దరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడించని పాపానికి మా కేసును మేమే ముంచుకున్నాం. ఆ పాపం నాదని ఒప్పుకునే ధైర్యం లేక వరండాలో ఆమె మీద పడ్డాను.

ముసలమ్మ నా అరుపులన్నీ విని చెంగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు పిల్లగాని ముచ్చటడిగినవ్, చెప్పిన. నా చేతులల్ల వడ్డోన్ని నెల తక్కువోడని ఎట్లంట? నెలల లెక్క గావాల్నంటె పంతుల్నడుగు. నాకెందుకు వెడ్తున్నవ్ గీ గోస?"

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను. ఆవరణలో ఒక పక్కగా విప్పి పెట్టిన బండి ఉంది. దాని నీడన పిల్లాడిని ఎత్తుకుని ఆ అమ్మాయి కూర్చుంది. అన్ని నెలల్లో ఆమెతో నేను మాట్లాడింది లేదు. మా మాటలన్నీ తండ్రితోనే. మంచి కుటుంబాల ఆడవాళ్ళతో వకీళ్ళు మాట్లాడరని మా పెద్దాయన మర్యాద నేర్పాడు. అలా మర్యాద చేస్తూనే ఆమె పరువును బజారులో పెట్టాం.

ఆమే నన్ను పిలిచింది. "అవ్వనెందుకు తిడ్తరు సారూ? అవ్వ నిజమే చెప్పింది గద."

"ఎనిమిది నెలలని కూడా ఆమే చెప్పింది" అన్నాను కోపంగా.

"ఎన్మిదేంది? తొమ్మిది. నడుమ ధోండ నెల రాలేదా?"

అధిక మాసాన్ని మరాఠీ వాసన తగిలిన మా ఊళ్ళలో ధోండ నెల అంటారు. రెండున్నరేళ్ళకో, మూడేళ్ళకో ఒకసారి ఒకే పేరుతో రెండు నెలలు వస్తాయి. ఆ ఏడు రెండు భాద్రపదాలు. ఎక్కువగా వచ్చిన ఆ మొదటి నెలలో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు. అందుకని మనవాళ్ళు శుభాశుభాల లెక్క చూసేటప్పుడు దాన్ని పక్కన పెట్టేస్తారు. అత్త అలాగే పక్కన పెట్టింది. మంత్రసానీ అలాగే పెట్టింది. వాళ్ళ నోటికి వచ్చింది నెలల పేర్లు, గడిచిన రోజులు కాదు. పిల్లాడు మాత్రం కడుపులో ఆ నెల కూడా పెరిగాడు.

ముసల్మానైన మున్సిఫు గారి నెలల్లో ధోండ నెల లేదు. అదాలతు రాసుకునే ఫస్లీ నెలల్లోనూ లేదు; పెళ్ళినీ కాన్పునూ ఆ తారీఖుల్లోకి మార్చి చూసినవాళ్ళూ లేరు. వాళ్ళను అనడానికేముంది? మా పెద్ద వకీలు ఇంట్లో ఆయన భార్య ఆ నెలంతా ఒంటిపూట భోజనంతో వ్రతం చేసింది. పీట మీద కూర్చుని ఆమె వడ్డించింది తిన్న మనిషికి ఆ నెల గుర్తులేదు! నాకూ లేదు. రోజూ ఆజర్, దై, బహమన్ అని ఫస్లీ నెలలు రాసి రాసి ఇంట్లో అమ్మ చెప్పే నెలలు మరిచిపోయాను.

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎవ్వలడిగిండ్రు? బాపుతోని చెప్పిన. వకీలు సాబుకు నువ్వు చెప్తవా అని నన్నే కొట్టచ్చిండు." పిల్లాడిని భుజం మార్చుకుని మళ్ళీ అంది, "నన్ను ఇడువుండ్రి. ఆయినకు తెల్వదా? ధోండ నెలల అల్లుని పిలిచి నన్ను గన్న అవ్వ ముప్ఫై మూడు అర్సెలు వాయినమిచ్చింది. మా ఇంట్ల కూసోని తిన్నడు, కొత్త ధోతి కట్టుకున్నడు. గప్పుడు నాకు నాలుగో నెల."

అప్పుడు నాకు పుట్టిన కోపం మామూలుది కాదు. ఆ మొగుడి మీద, ఆ తండ్రి మీద, మా పెద్దాయన మీద, అందరికంటే ఎక్కువ నా మీద. దావాలో అసలు సంగతి తెలిసిన మనిషి బండి నీడన కూర్చుని ఉంటే హైదరాబాదు డాక్టరు కోసం టాంగా పంపిన తెలివి మాది.

పెద్దాయనకు చెబితే మొదట నమ్మలేదు. తర్వాత నవ్వాడు. తర్వాత ఆ ఆలోచన తనదే అన్నట్టు మాట్లాడాడు. నేను మాత్రం ఈసారి సాక్షిని వదల్లేదు. పంచాంగం చెప్పే అయ్యవారి ఇంటికి వెళ్ళి ఒక పూటంతా కూర్చున్నాను. ఆయన సూర్యుడు, చంద్రుడు, సంక్రమణం అంటూ సృష్టి మొదలునుంచి ఎత్తుకున్నాడు. "అయ్యవారూ, అంత వద్దు. వైశాఖంలో పెళ్ళి నాటినుంచి పుష్యంలో కాన్పు నాటిదాకా ఎన్ని అమావాస్యలు వచ్చాయో ఒక్కటే చెప్పండి. పంచాంగంలో వేలు పెట్టి చూపించండి" అని బతిమాలాను. అవతలి వకీలు ఏం అడుగుతాడో నేనే అడిగి, ఆయన తన మాటల్లో జవాబు చెప్పేదాకా విన్నాను. ఆ తర్వాత నా బతుకంతా సాక్షుల్ని అలాగే పట్టుకున్నాను. చెప్పవలసింది నూరిపోయడం మాని, వాళ్ళకు తెలిసింది ఎలా తెలుసో అడగడం నేర్చుకున్నాను. ఆ మంత్రసానికి మాత్రం ఆ పని చేయలేకపోయాను.

వాయిదా నాడు మొగుడు బోనెక్కాడు. మా పెద్దాయన నిదానంగా అడిగాడు. ధోండ నెలలో అత్తగారింటికి వెళ్ళావా? వెళ్ళానన్నాడు. వాయినం ఇచ్చారా? "ఇచ్చిండ్రు. ముప్ఫై మూడు అర్సెలు, ధోతి" అని గొప్పగా చెప్పాడు. తిండి సంగతి కేసుకెందుకని అవతలి వకీలు లేచాడు. అంతలో అయ్యవారు వచ్చి పంచాంగం తెరిచి ఒక్కొక్క అమావాస్య మీద వేలు పెట్టాడు. తొమ్మిది. మున్సిఫు గారు తానే మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. గోడ పక్కన ముసుగేసుకుని కూర్చున్న అత్త తల పైకెత్తలేదు.

తీర్పులో బిడ్డ అతని బిడ్డే అని వచ్చింది. పేరున్న డాక్టరు గారి విద్యను మెచ్చుకున్నారు. మంత్రసాని చదువురానిది కనుక ఆమె మాట మీద ఆధారపడలేమని రాశారు. ఆ ముక్క ఉర్దూలో చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నిండు నెలల బిడ్డ అని మొదటినుంచీ ఒక్క మాట మీద నిలబడింది ఆమె ఒక్కతే. తప్పు చెప్పినవాడికి మెప్పు, నిజం చెప్పినదానికి ఈ మాట.

అంతటితో అయిపోలేదు. అవతలి వకీలు లేచి, బిడ్డ తనదేనని తేలింది కనుక తన కక్షిదారుకు ఇక అభ్యంతరం లేదనీ, పెళ్ళాన్ని ఏలుకుంటాడనీ అన్నాడు. ఏలుకుంటానన్న మొగుడు మనోవర్తి ఇవ్వక్కర్లేదు. మున్సిఫు గారు సంతోషించారు. మా పెద్దాయన సంతోషించాడు. అమ్మాయి తండ్రి కళ్ళనీళ్ళతో ఆయన కాళ్ళకు మొక్కాడు. బోధన్ బండి వచ్చి ఆవరణలో నిలబడింది. బండిలో అత్త కూర్చుని ఉంది. ఆమె గాని, కొడుకు గాని తప్పయిందని ఒక్క మాట అనలేదు.

ఆ అమ్మాయి పిల్లాడితో నా ముందుకు వచ్చి నిలబడింది.

"మనం గెలిచినమంటున్నరు. నిజమేనా సారూ?"

"నిజమే" అన్నాను.

"మరి నన్ను లంజ అన్నోళ్లింటికి నన్నే ఎందుకు తోలుతున్నరు?"

తండ్రి "నడువ్ బిడ్డా" అని భుజం పట్టుకుని నడిపించాడు. ఆమె వెనక్కి తిరిగి నావైపు చూస్తూనే బండెక్కింది. దావా కాగితంలో చివరి వాక్యం నా చేతిరాతే. ప్రతివాది తన భార్యను ఇంటికి తీసుకుపోయి ఏలుకోవాలి, లేదా మనోవర్తి ఇవ్వాలి అని రాశాను. అన్ని దావాల్లోనూ అలాగే రాస్తాం కనుక రాశాను. తండ్రి చేతికిచ్చి పంపితే ఆమె కింద వేలిముద్ర వేసి పంపింది. ఉర్దూలో ఉన్న ఆ వాక్యాన్ని ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.