శాలువా కింద ఇద్దరు

పుస్తకం ప్రకారం నాదే రైటు. ఇన్నేళ్ళయినా ఆ మాట మీదే ఉన్నానని ముందే చెప్పేస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో డిగ్రీ చదివేవాళ్ళం. హైదరాబాదు వెళ్ళినప్పుడు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే అతని దగ్గర నాకో ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మధ్యలో కొన్ని పేజీలూ లేవు. కూర్చుని ఆడే ఆట అది. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషిగా ఉంటారు. కోటలు, రాక్షసులు, మంత్రాల కత్తులు. ఎవరేం చేస్తారో నోటితో చెప్పాలి, అది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. పుస్తకం అడిగిన ఇరవై ముఖాల పాచిక బందరులో ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో తంబోలా బిళ్ళలు ఇరవై ఏరి, పచ్చడి సీసాలో వేసి ఊపేవాళ్ళం. కథ నడిపేది నేను. క్రికెట్ పిచ్చిలో ఉన్నాం కదా, నన్ను అంపైర్ అనేవాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నాలు మా మేడ మీద గదిలో నలుగురం కూర్చునేవాళ్ళం. అందులో ఒకడు కోడూరు నుంచి వచ్చేవాడు. బస్సు దిగి నడిచి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది. అయినా చెప్పులు విప్పకముందే "ఎక్కడ ఆపాం?" అని అడిగేవాడు. వాడితో వాదించడమంటే నాకు సరదా. ఓడిపోవడమంటే మాత్రం ఒళ్ళు మంట.

గొడవ ఒక మాయ శాలువా దగ్గర వచ్చింది. అది కప్పుకున్నవాడూ, వాడు మోస్తున్న వస్తువులూ ఎవరికీ కనపడవని పుస్తకంలో ఉంది. వస్తువులంటే ఏవేవో మాత్రం రాయలేదు. ఆ వారం కథలో వాడు శత్రువుల కోటలోంచి బయటపడాలి. ఒంటి మీద శాలువా, భుజం మీద కాలు విరిగిన ముసలి సైనికుడు. ఆ ముసలాణ్ణి నేను ఏదో దారి చెప్పించడానికి కథలో పెట్టాను. వీడేమో అతన్ని తాతయ్యా అని పిలుస్తూ, వారాల తరబడి వెంటేసుకుని తిరుగుతున్నాడు.

"ఇద్దరం కనపడం," అన్నాడు.

"నువ్వు కనపడవు. ముసలాడు కనపడతాడు. గాలిలో తేలుకుంటూ వస్తుంటే గేటు దగ్గర బాణాలేస్తారు," అన్నాను.

"నేను మోస్తున్నాను కదరా."

"వస్తువులని ఉంది. మనిషి వస్తువెట్టా అవుతాడు?"

"బస్సులో చంటిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే వేరే టిక్కెట్టు కొడతారా? ఎత్తుకున్నాక ఇద్దరూ ఒకటే లెక్క."

"మీ తాతయ్యకి గడ్డముంది. ఫుల్ టిక్కెట్టే."

మిగతా ఇద్దరూ నవ్వారు. వాడు నవ్వలేదు. ముసలాణ్ణి దించేసి నువ్వైనా వెళ్ళు, లేదంటే అదృష్టం ఎలా ఉందో బిళ్ళ తీసి చూసుకో అన్నాను. వాడు రెండూ చెయ్యలేదు. బస్సు టైమవుతోందని లేచి, "పుస్తకం మళ్ళీ చదువు అంపైరూ. నేను మాత్రం ఆయన్ని దించను," అని మెట్లు దిగి వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. జ్వరమన్నారు. చూడ్డానికి వెళ్దామని మేం అనుకుంటుండగానే పోయాడని కబురొచ్చింది.

పెద్దకర్మకి ముగ్గురం కోడూరు వెళ్ళాం. ఊరి చివర కాలవ గట్టు మీద, విస్తరిలో వాడికిష్టమైనవన్నీ పెట్టారు. గారెలు, రొయ్యల ఇగురు, గ్లాసులో పోసిన కూల్‌డ్రింకు. కాకి ముడితే వాడు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. తుమ్మచెట్టు మీద కాకులు కూర్చునే ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

అలాంటప్పుడు మిగిలిపోయిందేమిటో ఊహించి, ఇంటివాళ్ళు ఒక్కొక్కరే చనిపోయినవాడికి మాటిస్తారు. వాళ్ళ నాన్న, "చెల్లిని నువ్వన్నట్టే కాలేజీలో చేరుస్తాన్రా," అన్నారు. కాకి రాలేదు. బాబాయి, "నాన్నని నేను చూసుకుంటాను, నువ్వు బెంగపెట్టుకోకు," అన్నాడు. రాలేదు. వాళ్ళమ్మ విస్తరికి కాస్త దూరంగా నిలబడి, "తినరా నాన్నా," అని ఒక్కసారి అంది. ఆ గొంతు వినలేకపోయాను.

బాబాయి మా వైపు తిరిగి, "మీకేమన్నా చెప్పాడా బాబూ? మీతోనేగా తిరిగేవాడు," అన్నాడు.

నాకు తెలుసు. కాకుల మీద నమ్మకం లేదు, అయినా తెలుసు. వాడింకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. భుజం మీద ముసలాడి బరువుతో, నేను తీర్పు చెప్పేదాకా కదలకుండా నిలబడి ఉన్నాడు. అంతమంది పెద్దవాళ్ళ మధ్య ఈ పిల్లాట సంగతి ఎలా చెప్పను? పైగా వాడు కోరిన తీర్పు పుస్తకం ప్రకారం తప్పు. నాకు సిగ్గూ భయమూ కలిసి వచ్చాయి. చివరికి విస్తరి ముందు నిలబడి పైకే అన్నాను.

"శాలువా ఇద్దరికీ వస్తుందిరా. తాతయ్య కూడా కనపడడు. గేటు దాటేశారు, వెళ్ళండి."

కాకి వెంటనే ఏమీ రాలేదు. కాసేపు కొమ్మ మీద అటూ ఇటూ జరిగి, తర్వాత దిగి గారె ముక్క లాక్కుంది. దాని వెనకే ఇంకో రెండు దిగాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. అప్పటికి బాగా పొద్దెక్కింది, వాటికి ఆకలేసి ఉంటుందనే ఇప్పటికీ అంటాను.

అందరూ ఇంటిదారి పట్టాక వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఏం శాలువా బాబూ అది?"

చెప్పాను. ఆట సంగతి, కోట సంగతి, ముసలాడి సంగతి. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"అయితే అది కప్పుకుంటే మనిషి లేనట్టా?"

"లేకపోవడం కాదండీ. అక్కడే ఉంటారు. మనకి కనపడరు, అంతే."

"తీసేస్తే?"

ఆ పుస్తకంలో అనుమానానికి తావు లేని రూలు ఏదన్నా ఉంటే ఇదే. దీని మీద మేమెప్పుడూ పోట్లాడుకోలేదు.

"తీసేస్తే కనపడతారు పిన్నిగారూ."

ఆవిడ ఏడవలేదు. నిదానంగా తలూపింది.

"ఆ ముసలాయన్ని ఇంటికి చేర్చాక తీస్తాడులే. మధ్యలో దించే రకం కాదు వాడు," అంది.

అని, నా భుజం మీదుగా గట్టు వైపే చూస్తూ నిలబడిపోయింది. నేను వెనక్కి తిరగలేదు.